ఆర్చర్స్ వస్తుంటే మాట్లాడకూడదు

నాటింగ్‌హామ్‌లో నేను అద్దెకున్న ఇంట్లో షరతులు మూడే. రాత్రి పదకొండు దాటాక స్నానం చెయ్యకూడదు. వీధి వైపు కిటికీలో బట్టలు ఆరెయ్యకూడదు. సాయంత్రం ఏడు కొట్టాక ఓ పావుగంట వంటింట్లో ఎవరూ నోరెత్తకూడదు. మొదటి రెండూ వినగానే బుర్రకెక్కాయి. మూడోదానికి మాత్రం వారం పట్టింది.

2005 సెప్టెంబర్ మాట. తెనాలిలో బీఫార్మసీ చదివి, బ్యాంకు లోను పెట్టి ఎమ్మెస్సీకి వెళ్ళాను. యూనివర్సిటీ హాస్టల్ అద్దె నా వల్ల అయ్యేది కాదు. తెలిసినవాళ్ళ ద్వారా ఈ ఇంట్లో పైన చిన్న గది దొరికింది. కింద ముసలి దంపతులు. ఆవిడకు డెబ్భై ఏడు, ఆయనకు ఎనభై దాటాయి. మొదటిరోజే "రా డక్, టీ తాగు" అంది. బాతు అంటుందేమిటి ఈవిడ అని బిత్తరపోయాను. ఆ ఊళ్ళో బస్సు డ్రైవరు మొదలుకుని కూరగాయల కొట్టాయన దాకా ఎవరు ఎవరినైనా అలాగే పిలుస్తారని, మన "నాయనా" లాంటిదేనని తర్వాత తెలిసింది. తనను మాత్రం పేరు పెట్టి పిలవమంది. అమ్మమ్మ ఈడు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. అక్కడున్నన్నాళ్ళూ "ఎక్స్‌క్యూజ్ మీ"తోనే నెట్టుకొచ్చాను.

వంటింటి కిటికీ గట్టు మీద ఒక రాబర్ట్స్ రేడియో ఉండేది. ఏడు గంటల వార్తలు కాగానే టుమ్-టి-టుమ్-టి-టుమ్ అని ఒక హుషారైన బాణీ మొదలయ్యేది. ఆవిడ టెలిఫోను రిసీవరు తీసి పక్కన పెట్టేది. పెద్దాయన చెంచాతో బల్ల మీద తాళం వేసేవాడు. ఆయనకు అప్పటికే మతిమరుపు జబ్బు ముదిరింది. నా పేరు సరే, ఒక్కోరోజు ఆవిడెవరో కూడా గుర్తుండేది కాదు. ఆ తాళం మాత్రం ఒక్క దెబ్బ తప్పేది కాదు. ఆర్థర్ వుడ్ అనే ఆయన 1924లో కట్టిన బాణీ అది. ఆ లెక్కన పెద్దాయనా అదీ దాదాపు ఒకే ఈడు.

తర్వాత పదమూడు నిమిషాలు సీరియల్. పేరు 'ది ఆర్చర్స్'. ఆంబ్రిడ్జ్ అని ఒక ఊరు, లేని ఊరే. అందులో బ్రుక్‌ఫీల్డ్ అనే పొలం, ది బుల్ అనే పబ్బు, ఒక చర్చి, బోలెడంత మంది జనం. మొదట్లో నాకు ముక్క అర్థమైతే ఒట్టు. ఎవరో పాల ధర పడిపోయిందని గొణుగుతారు. ఎవరో దూడకు ఒంట్లో బాగాలేదని డాక్టరును పిలుస్తారు. మన టీవీ సీరియల్లో అయితే ఈపాటికి అత్త విషం కలిపేసేది కదా అనుకునేవాణ్ణి.

పాల ధర గురించి నాటకమేమిటని ఒకరోజు అడిగేశాను. ఆవిడ చెప్పిన కథ వింటుంటే మా తాతయ్య గుర్తొచ్చాడు. సాయంత్రం అరుగు మీద ట్రాన్సిస్టరు పెట్టుకుని విజయవాడ కేంద్రంలో రైతుల కార్యక్రమం వినేవాడు. వినడమంటే, అందులో మాట్లాడే ఆఫీసరుతో గొడవ పెట్టుకోవడమే. "నువ్వు దిగావురా పొలంలోకి ఎప్పుడైనా" అని రేడియోను గదమాయించేవాడు. అయితే ఎరువుల మోతాదు చెప్పినప్పుడు మాత్రం నోరు మూసుకుని వినేవాడు.

ఇంగ్లండ్ రైతులూ అచ్చం అంతేనట. యుద్ధం ముగిసినా అక్కడ తిండికి కటకటే, రేషన్ 1954 దాకా నడిచింది. పంట పెంచమని రేడియోలో ఉపన్యాసాలిస్తే వినే నాథుడు లేడు. 1948లో బర్మింగ్‌హామ్‌లో బీబీసీ వాళ్ళు రైతులతో ఒక సమావేశం పెట్టారు. లింకన్‌షైర్ రైతు ఒకాయన లేచి, మాక్కావల్సింది వ్యవసాయం చేసే డిక్ బార్టన్ అన్నాడు. డిక్ బార్టన్ అంటే అప్పట్లో రేడియోలో జనాన్ని ఉర్రూతలూగిస్తున్న సీక్రెట్ ఏజెంటు. ఆ మాటను గాడ్‌ఫ్రే బేస్లీ అనే ప్రొడ్యూసరు పట్టుకున్నాడు. 1950 మే చివర్లో మిడ్‌లాండ్స్ ప్రాంతం వరకూ అయిదు ఎపిసోడ్లు వేసి చూశారు. 1951 జనవరి 1 నుంచి దేశమంతటికీ మొదలైంది. వ్యవసాయ శాఖ సలహాలను పాత్రల నోట్లో పెట్టి, మధ్యలో ప్రేమలూ తగాదాలూ కలిపి వడ్డించారు. చేదు మాత్రకు చక్కెర పూత పూయడం మా ఫార్మసీ వాళ్ళకు తెలిసిన విద్యే.

ఆ మొదటి అయిదు ఎపిసోడ్లలోనే పెగ్గీ అనే పాత్ర ఉంది. వేసినావిడ జూన్ స్పెన్సర్. అప్పుడామెకు ముప్ఫయ్యేళ్ళు. ఈ పేరు చెప్పినప్పుడల్లా మా ఇంటావిడ, అంటే ఆ ఇంటి యజమానురాలు, నడుం నిటారుగా పెట్టుకునేది. ఎందుకంటే జూన్ స్పెన్సర్ 1919లో పుట్టింది నాటింగ్‌హామ్‌లోనే. "మా ఊరి పిల్ల" అనేది. ఆ పిల్లకు అప్పుడు ఎనభై ఆరేళ్ళు.

పెగ్గీది లండన్. యుద్ధంలో సైన్యంలో పనిచేసి, అక్కడ పరిచయమైన జాక్ ఆర్చర్‌ను పెళ్ళాడి పల్లెటూరికొచ్చిన మనిషి. తర్వాత ఇద్దరూ పబ్బు నడుపుతారు. జాక్ తాగుబోతు. ముగ్గురు పిల్లలనీ, పబ్బునీ ఆవిడే ఈదుకొస్తుంది. నాటింగ్‌హామ్ అమ్మాయి లండన్ యాస పట్టడమే కాదు, మొదట్లో రీటా అనే ఐరిష్ పిల్ల వేషం కూడా ఈవిడే వేసేదట. రేడియోలో ఉన్న సుఖమే అది. మొహం ఒకటే అయినా ఎవడికీ తెలీదు, గొంతు మార్చుకోగలిగితే చాలు.

1953లో జూన్ స్పెన్సర్ బిడ్డను దత్తత తీసుకుని మానేసింది. ఆ తర్వాత పెగ్గీ పాత్రను వేరే నటి నడిపింది. ఆవిడ వదిలేశాక 1962లో జూన్ స్పెన్సర్ మళ్ళీ వచ్చింది. ఇంక వదల్లేదు. మధ్యలో ఆ తొమ్మిదేళ్ళూ గొంతు తేడా తెలిసేదా అని అడిగితే మా ఇంటావిడ, "తెలీకేం, సవతి తల్లి వండిన కూరలా ఉండేది" అన్న అర్థం వచ్చే ముక్క ఏదో అంది. నా తర్జుమా అది, తప్పుంటే నాదే.

ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. మొదటి చలికాలం. ల్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చాను, ఆకలి దంచేస్తోంది. పప్పు అప్పటికే ఉడికి ఉంది. తాలింపు వెయ్యడమే తరువాయి. గడియారం చూసుకోలేదు. నూనె కాగింది, ఆవాలు వేశాను, ఎండుమిర్చి తుంచి వేశాను. సరిగ్గా అప్పుడే టుమ్-టి-టుమ్ మొదలైంది. ఆవాలు చిటపటలాడుతున్నాయి. ఆవిడ ట్రాఫిక్ పోలీసులా చెయ్యెత్తింది. నేను మూకుడు పట్టుకుని అలాగే కొయ్యబారిపోయాను. మాట్లాడకూడదన్నారు గానీ ఆవాలకు ఎవరు చెప్తారు?

పెద్దాయన చెంచా ఆపేశాడు. స్టవ్ వైపు చూసి "గ్రేస్" అన్నాడు.

వాళ్ళలో భోజనం ముందు చేసే ప్రార్థనను గ్రేస్ అంటారు. ఆయన దాన్నే అడుగుతున్నాడనుకుని ఆవిడ రెండు చేతులూ జోడించింది. ఆయన కాదన్నట్టు తల ఊపాడు. మిరపకాయ కోరు గొంతులో పడి దగ్గుతూనే మళ్ళీ, "గ్రేస్. లోపలే ఉంది" అన్నాడు. అప్పుడు ఆవిడ లేచింది. నేనక్కడ ఉండగా ఆర్చర్స్ మధ్యలో రేడియో కట్టేసింది ఆ ఒక్కసారే. స్టవ్ ఆపి, ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

విషయం నాకు ఆ తర్వాత చెప్పింది. 1955 సెప్టెంబర్ 22. కథలో ఫిల్ ఆర్చర్, గ్రేస్ కొత్త దంపతులు, పెళ్ళయి ఆరు నెలలు కూడా కాలేదు. గుర్రాల సాలకు నిప్పంటుకుంటుంది. గుర్రాన్ని కాపాడటానికి గ్రేస్ మంటల్లోకి మళ్ళీ వెళ్తుంది. దూలం మీద పడుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్తుండగా ఫిల్ చేతుల్లోనే ప్రాణం పోతుంది. 2 కోట్ల మంది విన్నారట. బీబీసీ ఫోన్లు ఊపిరాడకుండా మోగాయి, పూలదండలు పంపినవాళ్ళూ ఉన్నారు. సరిగ్గా ఆ రాత్రే లండన్‌లో ఐటీవీ అనే పోటీ టీవీ చానెల్ మొదలైంది. మర్నాడు పేపర్లలో కొత్త చానెల్ వార్తను గ్రేస్ చావు మింగేసింది. కాకతాళీయం అంటే ఎవరు నమ్ముతారు? బీబీసీ వాళ్ళు ఆ గుర్రాలసాలను ఊరికే తగలబెట్టలేదు.

ఆ రోజు మా ఇంటావిడకు ఇరవై ఏడేళ్ళు. వీళ్ళకూ కొత్తగా పెళ్ళయింది. అత్తగారింట్లో అందరూ కూర్చుని విన్నారు. అయిపోగానే ఈయన కప్పు కింద పెట్టి, మాట్లాడకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడట. ఆ వయసు మగపిల్లాడు నాటకానికి ఏడ్చాడని తెలిస్తే పరువు పోదూ. యాభయ్యేళ్ళ తర్వాత, పెళ్ళాం పేరే మర్చిపోయిన మనిషి మా తెనాలి తాలింపు చప్పుడుకు గ్రేస్‌ను తలుచుకున్నాడు. నిజంగా అదేనా, ఆవిడ అలా అనుకుందా, నాకు తెలీదు. పప్పు మాత్రం ఆ రోజు తాలింపు లేకుండానే తిన్నాను.

ఇక్కడే అసలు సంగతి. ఆ రోజుల్లో సీరియల్లో పెగ్గీ కథ కూడా అదే దారిన నడుస్తోంది. మొదటి మొగుడు 1972లో పోయాక చాలా ఏళ్ళు ఒంటరిగా ఉండి, 1991లో జాక్ వూలీ అనే హోటలు యజమానిని పెళ్ళాడింది. ఈయన పేరూ జాకే. రచయితకు పేర్లు దొరకలేదేమో అనుకున్నాను, కానీ మన ఊళ్ళల్లో ఇంటికో వెంకటేశ్వర్లు ఉండటంలా? ఈ రెండో జాక్‌కు అల్జీమర్స్ వచ్చింది. ఒక్కో వారం ఒక్కో ముక్క మర్చిపోతున్నాడు. పెగ్గీ దాన్ని ఊళ్ళో వాళ్ళకు తెలీకుండా కప్పిపుచ్చుతూ, లోపల్లోపల భయపడుతూ మాట్లాడేది. అరుపులు లేవు, ఏడుపు లేదు. మాటకూ మాటకూ మధ్య ఒక్క క్షణం ఎక్కువ ఆగేది, అంతే. ఆ ఆగడంలో మా ఇంటావిడ కూడా చేతిలో పని ఆపేసేది.

"ఆవిడ నటించడం లేదు, డక్" అంది ఒకరోజు. జూన్ స్పెన్సర్ భర్తకు కూడా అల్జీమర్సేనట, 2001లో పోయాడు. అంటే ఇంట్లో ఒకసారి మోసిన బరువును, ఎనభయ్యో పడి సగం దాటాక మైకు ముందు మళ్ళీ ఎత్తుకుంది. ఇంకా విచిత్రం తర్వాత తెలిసింది. జాక్ వూలీ పాత్ర వేసిన ఆర్నాల్డ్ పీటర్స్‌కు కూడా చివరికి అదే జబ్బు వచ్చింది. 2013లో చనిపోయారు. ఇది ఎవరైనా కథగా రాస్తే అతిగా ఉందని పక్కన పడేస్తాను.

ఇంటావిడ బాధలో ఉన్నప్పుడు ఆ పదమూడు నిమిషాల్లో ఏముందో నాకు పూర్తిగా అంతుపట్టలేదు గానీ, సరదా పూట మాత్రం స్టూడియో కబుర్లు చెప్పేది. సీరియల్ మొత్తం బర్మింగ్‌హామ్‌లోనే రికార్డు చేస్తారు. నటులకు నెల జీతాలుండవు, వేసిన ఎపిసోడ్‌కే డబ్బు. నెలకు సరిపడా ఎపిసోడ్లు కొద్ది రోజుల్లో గబగబా లాగించేస్తారు. చేతిలో కాగితాలు గరగరలాడకుండా పట్టుకోవడమే సగం విద్య. గొర్రె ఈనే చప్పుడుకు చేతులు పెరుగులో పెట్టి పిసుకుతారు. పొలం గేటు కిర్రుమంటే అది గేటు కాదు, పాత ఇస్త్రీ బల్ల. ఆ మాట వినగానే నా మనసు కొంచెం చివుక్కుమంది. అప్పటికే నా ఊహలో బ్రుక్‌ఫీల్డ్ గేటుకు ఒక రంగు, తుప్పు, పక్కన ఒక చింతచెట్టు కూడా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో చింతచెట్టు ఉండదని తెలుసు, అయినా ఉంది. ఆ తర్వాత నేనెప్పుడు చొక్కా ఇస్త్రీ చేసుకోవడానికి బల్ల విప్పినా, పక్క గదిలోంచి "గేటు వేసి రా డక్, గొర్రెలు బయటికెళ్ళిపోతాయి" అని కేక వినపడేది.

ఆదివారం పొద్దున వారం ఎపిసోడ్లన్నీ కలిపి వేసేవారు. సరిగ్గా అది అయిపోయాక నేను అయిదు పౌండ్ల ఫోన్ కార్డు గీకి అమ్మకు ఫోను చేసేవాణ్ణి. అప్పుడు వీడియో కాల్స్ మా ఇంటి దాకా రాలేదు. అమ్మంటే నాకు గొంతే. మూడేళ్ళు మొహం చూడలేదు. "బాగానే ఉన్నారా" అనే మాట చివర్లో గాలి ఎంత మిగిలిందో బట్టి ఆయాసం ఎక్కువైందా, మోకాలి నొప్పి ఉందా, నాన్నతో పోట్లాడి ఉందా చెప్పేసేవాణ్ణి. ఇంత సన్నగా వినడం నాకు ఎక్కడ వచ్చిందో చెప్పక్కర్లేదు. పెగ్గీ దగ్గర.

2008 శీతాకాలంలో పెద్దాయన పోయారు. మర్నాడు సాయంత్రం ఏడుకు ఆవిడ రేడియో పెట్టదనుకున్నాను. పెట్టింది. బాణీ వస్తుంటే బల్ల మీద ఆయన చెంచా అలాగే ఉంది, ఎవరమూ ముట్టుకోలేదు.

2009 వేసవి మొదట్లో నేను హైదరాబాద్ వచ్చేశాను. ఆ ఏడు క్రిస్మస్‌కు ఆవిడ కార్డు పంపింది. వాతావరణం, పిల్లి, మోకాళ్ళు అన్నీ రాసి చివర్లో ఒక వాక్యం: "నార్మన్ పోయాడు, ఫిల్ ఇంకా బతికే ఉన్నాడు." ముందు నాకర్థం కాలేదు. తర్వాత వెతికి చూశాను. గ్రేస్ మొగుడు ఫిల్ పాత్రను 1950 నుంచి వేస్తున్న నార్మన్ పెయింటింగ్ ఆ అక్టోబర్‌లో ఎనభై అయిదేళ్ళ వయసులో చనిపోయారు. పోవడానికి రెండు రోజుల ముందు కూడా రికార్డింగ్ చేశారు. ఒకే సీరియల్లో అన్నేళ్ళు చేసినందుకు అప్పట్లో గిన్నిస్ రికార్డు ఆయనదే. రికార్డు చేసినవి ఆలస్యంగా వస్తాయి కాబట్టి ఆయన పోయాక కూడా నవంబర్‌లో ఆయన గొంతు వినిపించింది. కథలో ఫిల్ కన్నుమూసింది మరుసటి ఫిబ్రవరిలో. అంటే ఆ కార్డు రాసేనాటికి మనిషి లేడు, పాత్ర ఉంది. మొదటి ఎపిసోడ్లనాటి వాళ్ళలో ఇక మిగిలింది జూన్ స్పెన్సర్ ఒక్కతే.

ఆవిడ కార్డులు 2014 దాకా వచ్చాయి. ఆ తర్వాత రాలేదు. అడగడానికి అక్కడ నాకు వేరే ఎవరూ తెలీదు.

ఉద్యోగం, పెళ్ళి, ఈఎంఐలు. ఆర్చర్స్ మర్చిపోయానని చెప్పను గానీ, వినడం మానేశాను. 2017లో పెగ్గీకి, అదే, జూన్ స్పెన్సర్‌కు సీబీఈ అనే బ్రిటిష్ బిరుదు ఇచ్చారని ఎక్కడో చూసి, అబ్బో ఇంకా ఉందే అనుకున్నాను. 2022 ఆగస్టులో వార్త వచ్చింది. నూట మూడేళ్ళ వయసులో ఆవిడ రిటైర్ అయింది. తాను 1950లో ఒక ఓక్ విత్తనం నాటడంలో చెయ్యి వేశాననీ, అది మహావృక్షమైందనీ, పెగ్గీ అనే ఈ ముసలి కొమ్మ ఇప్పుడు బలహీనపడిందనీ ప్రకటనలో రాసింది. ఇంగ్లీషులో కొమ్మన్నా, సెలవు తీసుకోవడమన్నా పలకడం ఒకటే, 'బౌ' అని. నూట మూడేళ్ళకు కూడా కొమ్మ మీద శ్లేష వెయ్యడం మానలేదు. ఆవిడ చివరి ఎపిసోడ్ జూలై 31న వచ్చేసిందట, అంటే నేను విన్నప్పటికే అయిపోయింది.

ఫోన్లో బీబీసీ యాప్ పెట్టి వెతికాను. రాత్రి పదిన్నరయింది. వంటింట్లో నిలబడి, చెవిలో ఏమీ పెట్టుకోకుండా స్పీకర్‌లోనే పెట్టాను. టుమ్-టి-టుమ్. నా చెయ్యి దానంతటదే చెంచా కోసం వెతికింది.

ఆ గొంతు విని ఉలిక్కిపడ్డాను. పదమూడేళ్ళలో ఎంత సన్నబడిపోయింది! అంచులు అరిగిపోయిన పళ్ళెంలా ఉంది. కానీ మాటకూ మాటకూ మధ్య ఆ ఒక్క క్షణం ఆగడం అలాగే ఉంది. ఈ గొంతును ముప్ఫై ఏళ్ళప్పటి నుంచి విన్నవాళ్ళు ఎంతమంది ఇంకా మిగిలి ఉంటారు, నాటింగ్‌హామ్ ఇంటావిడ ఉండుంటే ఆ రోజు రిసీవరు పక్కన పెట్టేదే కదా, అనుకుంటూ ఉండిపోయాను. ఆ తర్వాత రెండేళ్ళకు, 2024 నవంబర్‌లో, నూట అయిదేళ్ళ వయసులో జూన్ స్పెన్సర్ వెళ్ళిపోయింది. ఆ వార్తకు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. అనిపించాల్సింది ఆ రాత్రే అనిపించేసింది.

ఆ రాత్రి హాల్లో అమ్మ పడుకోలేదు. నాన్న పోయాక మా దగ్గరే ఉంటోంది. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

"ఎవర్రా ఆ ముసలావిడ? ఆయాసంగా ఉన్నట్టుంది పాపం" అంది.

"తెలిసినావిడే అమ్మా."

"అయితే సరిగ్గా మాట్లాడు. ఊరికే వింటున్నావేం?"

"ఆవిడ మాట్లాడేటప్పుడు మనం మాట్లాడకూడదమ్మా" అన్నాను.